మెత్తని మనసు రాజు

పాతబస్తీ హరిబౌలిలో అక్కన్న మాదన్నల పేరు మీద మహంకాళి గుడి ఉంది. ఆ అన్నదమ్ములను నమ్మి రాజ్యభారం అప్పగించిన గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ కుతుబ్‌షా. రామదాసు కథలో మనకు కనిపించే తానీషా ఆయనే.

గ్రీకు మహాకవి హోమర్ రాసిన ఇలియడ్‌లో అకిలీస్ బలం పౌరుషం. తన పరువు తీసిన సేనాధిపతి మీద ఆ పౌరుషంతోనే అలిగి యుద్ధం మానేశాడు. ఫలితం... ప్రాణస్నేహితుడు పట్రోక్లస్ బలైపోయాడు. మన కర్ణుడూ అంతే. కవచకుండలాలు దానమిచ్చి కీర్తి తెచ్చుకున్నాడు, ప్రాణాలు పోగొట్టుకున్నాడు. వీరుడి బలమూ లోపమూ ఒకే వేరు నుంచి పుడతాయి. తానీషా విషయంలో ఆ వేరు, మెత్తని మనసు.

1672లో గద్దెనెక్కకముందు ఆయన షా రాజు అనే సూఫీ గురువు శిష్యుడు. రాజయ్యాక మతం చూడలేదు, సమర్థత చూసి మాదన్నను మంత్రిని చేశాడు.

కానీ రాజుకు మంచితనం ఒక్కటే చాలదు కదా! 1685లో సొంత సేనాపతి మీర్ మహమ్మద్ ఇబ్రహీం మొగలుల పక్షం చేరగానే, తానీషా రాత్రికి రాత్రే గోల్కొండ కోటలోకి వెళ్లిపోయాడు. దిక్కులేని హైదరాబాద్ దోపిడీ పాలైంది. మరుసటేడు అక్కన్న మాదన్నలను దర్బారు పెద్దలే కుట్ర పన్ని చంపించారు. మనుషుల్ని నమ్మడం తెలిసిన రాజుకు, నమ్మినవాళ్లను కాపాడుకోవడం చేతకాలేదు.

1687లో ఔరంగజేబు సేన సుమారు ఎనిమిది నెలలు కోటను ముట్టడించింది. ఫిరంగులకు లొంగని కోట లంచానికి లొంగింది. కొయ్యగుర్రం కథలో ట్రాయ్ నగరంలాగే, గోల్కొండ తలుపు కూడా లోపలి నుంచే తెరుచుకుంది. సర్దార్ అబ్దుల్ రజాక్ లారీ మాత్రం మొగలులు చూపిన ఆశలకు లొంగక, ఒళ్లంతా గాయాలైనా పోరాడాడు. అంతటి విశ్వాసాన్ని సంపాదించిపెట్టింది కూడా తానీషా మంచితనమే.

శత్రువులు ఎదుటికొచ్చినా తానీషా తొణకలేదు. వాళ్లను మర్యాదగా పలకరించి, వేళకు భోంచేసి, ఆ తర్వాతే వెంట నడిచాడని మొగల్ చరిత్రకారుడు ఖాఫీఖాన్ రాశాడు. చివరకు దౌలతాబాద్ కోటలో బందీగానే కన్నుమూశాడు.

ఆ నిబ్బరంలో సగమైనా రెండేళ్ల ముందు చూపి ఉంటే, ఆ రాత్రి హైదరాబాద్ జనానికి అండగా ఒక రాజు ఉండేవాడు.