చవక ఇంజెక్షన్ రోగి దాకా చేరాలి

కోహెడ మండలంలో ఏ ఇంట క్యాన్సర్ వచ్చినా, కీళ్ళవాతం ముదిరినా మొదట కదిలేది పొలం పాసు పుస్తకమే. ఈ జబ్బులకు వైద్యులు రాసే కొన్ని ఇంజెక్షన్లు ఒక్కొక్కటి వేల రూపాయలు పలుకుతాయి. వాటికి బదులు వాడదగిన చవక మందులు మన దేశంలోనే తయారవుతున్నాయి. అయినా ఆ సంగతి రోగికి చెప్పే నాథుడు లేకపోవడం శోచనీయం.

ఈ ఇంజెక్షన్లు మామూలు మాత్రల వంటివి కావు. వీటిని జీవకణాలలో పెంచి తీస్తారు. ఒకే తోడుతో రెండిళ్ళలో తోడేసిన పెరుగులో కొద్ది తేడా ఉండవచ్చు, కాని రెండూ పెరుగే. పేటెంటు తీరిన మందును మరో కంపెనీ చేస్తే అదీ అంతే. గుణంలో తేడా రాలేదని పరీక్షలతో రుజువు చేయాలి. ఇందుకు కేంద్రం 2012లో నిబంధనలు పెట్టింది. కాబట్టి చవక అయినంత మాత్రాన నకిలీ అనుకోవడం పొరపాటు.

ఈ బాటలో మన హైదరాబాదు ముందే నడిచింది. లింఫు గ్రంథుల క్యాన్సర్‌కు వాడే రిటుక్సిమాబ్‌ను డాక్టర్ రెడ్డీస్ కంపెనీ 2007లో దాదాపు సగం ధరకే తెచ్చింది. రొమ్ము క్యాన్సర్‌కు వాడే ట్రాస్టుజుమాబ్‌ను బెంగుళూరు బయోకాన్, కీళ్ళవాతానికి వాడే అడాలిముమాబ్‌ను అహ్మదాబాదు జైడస్ 2014లో విడుదల చేశాయి.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్లు, ధర తగ్గినా డబ్బు కట్టేవాడి చూపు మారనిదే రోగికి మేలు లేదు. ఇంగ్లండులో ప్రభుత్వ ఆరోగ్య సంస్థ 2018లో అడాలిముమాబ్ పేటెంటు తీరగానే చవక మందులకు మళ్ళి కోట్ల పౌన్లు మిగుల్చుకున్నది. అమెరికాలో చవక మందులు 2023 జనవరిలో వచ్చినా ఆ ఏడాదంతా పాత మందుదే పైచేయి అయింది. పాత కంపెనీ ఇచ్చే భారీ రాయితీలు బీమా మధ్యవర్తులకు ముట్టడం ఇందుకు ముఖ్య కారణం. 2024 ఏప్రిల్‌లో సీవీఎస్ కేర్‌మార్క్ అనే పెద్ద సంస్థ పాత మందును తన ప్రధాన జాబితాల నుంచి తీసివేశాకే గాలి మళ్ళింది.

మన దగ్గర కథ వేరు. ఇటువంటి ఇంజెక్షన్లకు బీమా లేదనరాదని బీమా నియంత్రణ సంస్థ 2019లో ఆదేశించింది. కాని ఇంత మొత్తానికి మించి ఇవ్వబోమని పరిమితి పెట్టుకునే వీలు కంపెనీలకు ఉన్నది. ఖరీదైన మందు రాస్తే ఆ పరిమితి రెండు మూడు సూదులకే కరిగిపోతుంది. మిగతాది రోగి నెత్తిన పడుతుంది. ఇంటి వద్ద వేసుకునే కీళ్ళవాతం సూదికి చాలా పాలసీలు పైసా ఇవ్వవు.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలకు పెంచింది. ఇది హర్షణీయం. అయితే పథకం ఆసుపత్రికి చెల్లించేది ప్యాకేజీ లెక్కన. మందు చవకగా దొరికితే ఆ మిగులు ఎవరికి చేరుతున్నదన్నదే అసలు ప్రశ్న. మిగిలిన ప్రతి రూపాయితో మరో పేద రోగికి సూది పడాలి.

కనుక ఏ ఇంజెక్షన్ కార్డు కింద వస్తుందో, దాని చవక బదులు ఏదో, ధర ఎంతో తెలిపే పట్టికను ప్రభుత్వం ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడపై తెలుగులో పెట్టించాలి. ప్రైవేటు బీమా కంపెనీలు కూడా అనుమతి పత్రంలోనే పరిమితి ఎంతో స్పష్టం చేయాలి. ఆశా కార్యకర్తలకు, ఆరోగ్యమిత్రలకు ఈ విషయమై శిక్షణ ఇవ్వాలి.

రోగులు సొంతంగా మందు మార్చడం మాత్రం ప్రమాదకరం. కాని పాసు పుస్తకం తాకట్టు పెట్టేముందు "దీనికి చవక మందు ఉన్నదా?" అని డాక్టరును అడిగే హక్కు ప్రతి ఒక్కరికీ ఉన్నది. అడగడానికి మొహమాటపడవలసిన పని లేదు.