నల్లాకు మోటారు బిగిస్తే...

నాంపల్లి స్టేషన్ రోడ్డు వెనక మా సందులో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. ఆ వేళకి ఇంటికొక ఆడమనిషి మెలకువగా ఉండాల్సిందే. నీళ్లు రాగానే సందంతా మోటార్ల రొద. చివరింటి పెద్దావిడకి మోటారు లేదు. బిందె పెట్టుకుని కూర్చుంటే నల్లాలోంచి గాలి బుసకొట్టేది గానీ నీళ్లు పడేవి కావు. ‘‘మీ మోటార్లు బంద్ అయినంకనే గదా బిడ్డా నా వంతు. అప్పటికి నీళ్లే బంద్ అయితయి’’ అందొకరోజు. ఆ మోటార్లలో మాదీ ఒకటి. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

ప్రెషర్ గురించి మనకెవరూ సరిగా చెప్పరు. ప్లంబర్ని అడిగితే ‘‘పెద్ద ట్యాంకు పెట్టించండమ్మా’’ అంటాడు. ట్యాంకు ఎంత పెద్దదన్నది కాదండీ, ఎంత ఎత్తున ఉందన్నదే లెక్క. 10 మీటర్ల ఎత్తు నీరు ప్రతి చదరపు సెంటీమీటరు మీదా దాదాపు ఒక కిలో బరువుతో నొక్కుతుంది. డ్యాము గోడని అడుగున అంత మందంగా కట్టేది అందుకే. అపార్ట్‌మెంట్లలోనూ ఇదే కథ. కింది ఇంట్లో బకెట్టు చిటికెలో నిండుతుంది, ట్యాంకు కిందే ఉన్న పై అంతస్తు ఇల్లాలికి షవర్లో సన్నటి ధార. ఆవిడకి కావలసింది ట్యాంకు కింద కాస్త ఎత్తు దిమ్మె, విడిగా ఒక లావుపాటి పైపు.

1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్య గారి సలహాతో కట్టిన ఉస్మాన్‌సాగర్ నుంచి ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకి నీళ్లు పల్లానికి పారి వచ్చేవి, పంపు అక్కర్లేకుండా. ఇప్పుడు కృష్ణా, గోదావరి నీళ్లని వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి పంపులతో ఎత్తి తెస్తున్నారు. అంత కష్టపడి తెచ్చిన ఊపుని మనం గుమ్మం దగ్గర పీల్చేస్తున్నాం.

అసలు భయం ఇంకొకటి. పైపులో ప్రెషర్ ఉన్నంతసేపూ చిల్లు పడినా నీళ్లు బయటికే కారతాయి. మోటారు పీల్చగానే లోపల ప్రెషర్ పడిపోయి, అదే చిల్లులోంచి చుట్టూ ఉన్న మురుగు లోపలికొస్తుంది. అబిడ్స్, నాంపల్లి పాత సందుల్లో మంచినీటి పైపుకి డ్రైనేజీ ఎంత దూరమో మీకు తెలియనిదా? 2009 మే నెలలో భోలక్‌పూర్‌లో తాగే నీళ్లలో మురుగు కలిసి మనుషులు చనిపోయారు. అక్కడ కారణం మోటార్లని నేననడం లేదు. మురుగు నల్లాలోకొస్తే ఏమవుతుందో చెప్తున్నాను, అంతే.

2025 ఏప్రిల్‌లో జలమండలి నల్లా మోటార్ల మీద తనిఖీలు పెట్టింది. దొరికితే మోటారు జప్తు, 5 వేలు జరిమానా. మోటారు మీద గోనెసంచి కప్పి కూర్చున్న మహాతల్లుల్ని కూడా చూశాను.

మేం గేటు పక్కన సంపు తవ్వించాం. ఖర్చు మాట వినగానే మావారు రెండ్రోజులు మాట్లాడలేదు, అది వేరే సంగతి. సంపు నేలకంటే కిందుంటుంది గనక ప్రెషర్ తక్కువున్నా నీళ్లు వాటంతటవే దిగుతాయి. మోటారు సంపులోంచి పైకి తోడుతుంది, వీధి పైపులోంచి కాదు. మూత మాత్రం గట్టిగా ఉండాలి, వాన నీళ్లు దిగకుండా.

ఇప్పుడు పెద్దావిడకి రెండు బిందెలు నిండుతున్నాయి. సందులో ఇంకా మూడు మోటార్లున్నాయి. ఈ ఆదివారం ఆ మూడిళ్లకీ వెళ్దామనుకుంటున్నాను.