కౌమార మాతృత్వం – పెద్దల బాధ్యత

పదహారేండ్ల బాలిక గర్భవతి అయినదని వినగానే లోకం మొదట అడిగే ప్రశ్న ఆమె పెంపకం గురించి. పరిశోధకులు అడిగే ప్రశ్నలు వేరు. ఆమె చదువు కొనసాగుతున్నదా? ఇంటిలో పేదరికం ఉన్నదా? ఆమె తల్లి కూడా చిన్న వయస్సులోనే తల్లి అయినదా? బలాత్కారానికి లోనయినదా? గర్భనిరోధక సాధనాలు ఆమెకు అందుబాటులో ఉన్నవా? కౌమార గర్భధారణతో ముడిపడినట్లు పదే పదే తేలిన అంశాలు ఇవి.

అమెరికాలో 1991లో 15–19 యేండ్ల ప్రతి వేయిమంది బాలికలకు సుమారు 62 ప్రసవాలు జరిగినవి. 2022 నాటికి ఆ సంఖ్య 14కు లోపుగా దిగినది. గర్భనిరోధక సాధనాల వాడకం మెరుగుపడుట ఇందుకు ముఖ్య కారణమని పరిశోధనలు తెలుపుతున్నవి. నిందల వలన ఇంతటి మార్పు వచ్చి ఉండేది కాదు.

అంతగా చర్చకు రానిది రెండవ గర్భం. 2010లో అమెరికాలో ఈ వయస్సు వారి ప్రసవాలలో దాదాపు అయిదింట ఒకటి రెండవదో, అంతకు పై కాన్పో. మొదటి కాన్పుతో చదువు ఆగిపోవుట, మానసికంగా క్రుంగిపోవుట, భాగస్వామి హింస, ప్రసవానంతరం ఏ గర్భనిరోధక సాధనమూ లేకపోవుట దీనికి దారితీయగలవు. బిడ్డకు పాలివ్వని తల్లిలో నెల తిరగకముందే, ముట్టు కనిపించకముందే అండం విడుదల కావచ్చును. కాన్పు తరువాత మరల గర్భం దాల్చుటకు కనీసం 24 నెలల ఎడం ఉండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. మొదటి గర్భం ఎవరికీ తెలియకుండానే రావచ్చును. కాని రెండవదాని నాటికి ఆ బాలిక వైద్యులకూ, ఇంటివారికీ ఎదుటనే ఉన్నది. కనుక దానిని నివారించలేకపోవుట పెద్దల వైఫల్యమే.

ఇది పరాయి సంస్కృతి సమస్య అని తెలుగువారు తలచుట పొరపాటు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–19 యేండ్ల వారిలో 12.6 శాతం అప్పటికే తల్లులు లేదా గర్భవతులు. దేశపు సగటు 6.8 శాతమే. అక్కడ బాల్యవివాహం ఇందుకు ప్రధాన కారణం. పెండ్లి జరిగినది కనుక దానిని ఎవరూ సమస్యగా ఎంచరు. కాని తాళిబొట్టు శరీరపు వయస్సును పెంచజాలదు. గుర్రపువాతం, నెలలు నిండని కాన్పు, తక్కువ బరువుతో బిడ్డ పుట్టుట వంటి ప్రమాదాలు పెండ్లి అయిన బాలికకూ తప్పవు.

ప్రవాసంలోని తల్లిదండ్రులు పలువురు ఈ విషయంలో మౌనమే రక్ష అని నమ్ముతారు. లైంగిక విజ్ఞానం బోధించినంత మాత్రాన పిల్లలు త్వరపడరని పరిశోధనలు తేల్చినవి. కుమార్తెకే కాక కుమారునికి కూడా ఈ విషయాలు ఇంటిలోనే చెప్పవలెను. ఒకవేళ గర్భం వచ్చినచో ఆమెను దాచక వైద్యునికి చూపుట, ఆమె చదువు నిలుపుట, తరువాతి గర్భం గురించి ముందుగానే మాట్లాడుట పెద్దల విధి. పరువు కొరకు దాచిన బాలికకు ఈ మూడూ అందవు.