పురుడు పోసే చేతికి నోరెందుకు లేదు?



మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి అని సామెత. పుస్తకాల్లో ఇలా మర్యాదగా రాస్తారు. వాడల్లో "బిడ్డొచ్చినా పట్టాలి, పియ్యొచ్చినా పట్టాలి" అంటారు. ఒప్పుకున్న పనిలో కష్టం కూడా భరించాలని దీని అర్థంగా పిల్లలకు చెబుతాం. ఆ పట్టే చేయి ఎవరిదని మాత్రం ఏ నోట్సులోనూ ఉండదు. చాలా ఊళ్లలో ఆ చేయి మాదిగ, మాల, మంగలి, చాకలి ఆడవాళ్లది. బిడ్డను పట్టడానికి, బొడ్డు కోయడానికి, మాయ పూడ్చడానికి ఆమె కావాలి. పురుడు తీరి ఇల్లు కడుక్కున్నాక ఆమె మళ్లీ గడప అవతలే.

ఈ వారం వ్యాసం వైద్య పరిశోధనకూ ఆసుపత్రి ఆచరణకూ మధ్య ఉన్న దూరం గురించి, అందులోనూ కాన్పుల గురించి. తెలుగు లెక్చరర్‌కు లేబర్ రూముతో ఏం పని అనేవాళ్లుంటారు. ఎవరి మాట విజ్ఞానం అవుతుంది, ఎవరి మాట వట్టి మాటగా మిగిలిపోతుంది అని సాహిత్యంలో మనం చాలాకాలంగా అడుగుతున్నాం. లేబర్ రూములోనూ అడగాల్సింది అదే ప్రశ్న.

ముందు లెక్కలు చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశంలోని రాష్ట్రాల్లో ఇదే ఎక్కువ. దేశ సగటు 21.5. మన ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 శాతం. జనాభా మొత్తం మీద సిజేరియన్లు 10 శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు ఇంకా తగ్గినట్టు ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది.

సిజేరియన్ ప్రాణం కాపాడే ఆపరేషన్. అవసరమైన మనిషికి సమయానికి అందకపోతే తల్లి పోతుంది, బిడ్డ పోతుంది. నా గొడవ అవసరం లేని కోతతో. ఒకసారి కోత పడితే తర్వాతి కాన్పు కూడా ఎక్కువగా కోతతోనే అవుతుంది. ఆపరేషన్లు పెరిగేకొద్దీ మాయ గర్భసంచికి అతుక్కుపోయే ప్రమాదం పెరుగుతుంది. బరువులెత్తి బతికే మనిషికి ఆ కోత నెలల తరబడి కూలిని కూడా కోస్తుంది.

ఆపరేషన్ లేని కాన్పుల సంగతీ చూడండి. ప్రతి తల్లికీ కింద కోత పెట్టి కుట్లు వేయడం అలవాటుగా చేయొద్దు. పొట్ట మీద నొక్కి బిడ్డను తోయొద్దు. వెల్లకిలా పడుకోబెట్టడమే పద్ధతి కాదు, ఆమెకు నచ్చిన భంగిమలో కననివ్వాలి. ఆమె కోరుకున్న మనిషి పక్కన ఉండాలి. ఇవన్నీ 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సిఫార్సుల్లో ఉన్నాయి. అలవాటుగా కోత పెట్టడం వల్ల మేలు లేదని 1993లోనే అర్జెంటీనాలో జరిగిన పెద్ద అధ్యయనం చూపించింది. మన దేశంలో కాన్పు సమయంలో తోడు మనిషిని అనుమతించాలని కేంద్రం 2016లోనే చెప్పింది.

ఇప్పుడు మీ ఇంట్లో కాన్పయిన అక్కనో వదిననో అడగండి. తొలిచూలు అంటే కింద కోత తప్పదన్నారా లేదా? అమ్మను లోపలికి రానిచ్చారా? నొప్పికి అరిస్తే "మొగుడి పక్కన పడుకున్నప్పుడు లేని నొప్పి ఇప్పుడొచ్చిందా" అన్నారా లేదా? ఈ మాట పడిన ఆడవాళ్లు ప్రతి బస్తీలో ఉన్నారు.

ఈ దూరానికి చదువుకున్నవాళ్లు చెప్పే కారణం ఒకటే: సిబ్బందికి అవగాహన లేదు, శిక్షణ ఇవ్వాలి. ఒక ట్రైనింగు పెడతారు, సర్టిఫికెట్లు ఇస్తారు, ఫొటో దిగుతారు. కానీ తెలియకపోవడం ఒక్కటే కారణమైతే ఇన్నేళ్లు పట్టదు. వియన్నా కథ వినండి. 1840లలో అక్కడి పెద్దాసుపత్రిలో రెండు ప్రసూతి విభాగాలుండేవి. ఒకదాంట్లో డాక్టర్లు, వైద్య విద్యార్థులు. రెండోదాంట్లో మంత్రసానులు. డాక్టర్ల విభాగంలో బాలింతలు జ్వరంతో ఎన్నో రెట్లు ఎక్కువగా చనిపోయేవాళ్లు. శవాలను కోసిన చేతులతో వచ్చి కాన్పులు చేయడమే కారణమని సెమ్మెల్‌వైస్ అనే డాక్టర్ 1847లో గుర్తించి చేతులు కడిగించాడు. చావులు ఒక్కసారిగా తగ్గాయి. అయినా పెద్ద డాక్టర్లు చాలామంది ఆయన్ని ఒప్పుకోలేదు. పెద్దమనుషుల చేతులు మురికివంటే ఎవరు ఒప్పుకుంటారు? ఈ కథలో అందరూ వదిలేసే ముక్క ఒకటుంది. సెమ్మెల్‌వైస్ కనిపెట్టకముందే గర్భిణులకు తెలుసు. డాక్టర్ల విభాగంలో వేయొద్దని కాళ్లు పట్టుకుని బతిమాలేవాళ్లు. వాళ్లు పేదవాళ్లు. వాళ్ల భయాన్ని ఎవరూ పరిశోధన అనలేదు.

మన లేబర్ రూములో గంటల తరబడి తల్లి పక్కన ఉండేదెవరు? స్టాఫ్ నర్సు, ఆయమ్మ. ఆయమ్మ చాలాచోట్ల కాంట్రాక్టు మనిషి, ఎక్కువగా మన ఇళ్ల నుంచి వచ్చిన మనిషి. ఈ తల్లికి ఇంకొంచెం టైమిస్తే నార్మల్ అవుతుందని నర్సుకు అనిపించినా, ఆ మాట అనే హక్కు ఆమెకు లేదు. మార్గదర్శకం ఇంగ్లీషులో ఉంటుంది, ఆఫీసు బీరువాలో ఉంటుంది. పరదా లేని హాల్లో పది మంచాలుంటే తోడు మనిషిని ఎలా రానిస్తారు? పరిశోధన ఆగిపోయేది ఇక్కడ. పైనుంచి కిందికి ఆదేశం వస్తుంది. కిందినుంచి పైకి మాట పోదు. ఈ పద్ధతి మనకు కొత్తదా? ఊరికీ వాడకూ మధ్య నడిచింది ఇదే కదా.

పాత మంత్రసానిని దేవతను చేయాలని నేననడం లేదు. శుభ్రత లేని కత్తితో బొడ్డు కోసి ధనుర్వాతంతో పోయిన పసిబిడ్డలు ఎందరో. బాలింతలను, పసిబిడ్డలను చంపే ఆ జబ్బును దేశం 2015లో గానీ అదుపులోకి తేలేకపోయింది. ఆసుపత్రి కాన్పులు పెరగడం కూడా తెలంగాణలో తల్లుల మరణాలు లక్ష కాన్పులకు 43కు (2018-20) తగ్గడానికి ఒక కారణం. ఆసుపత్రిని వద్దనే మాట మన నోటి నుంచి రాకూడదు. కానీ ఆసుపత్రి వచ్చినప్పుడు మంత్రసాని చేతిలోని మురికితో పాటు ఆమె ఓపికనూ, కూచోబెట్టి కనిపించే పద్ధతినీ, భుజం మీద వేసిన చేయినీ పారేశారు. ఇప్పుడు అవే సంగతులు జెనీవా నుంచి ఇంగ్లీషులో తిరిగొచ్చాయి. ఈసారి వాటికి పరిశోధన అని పేరు.

మరి దారి లేదా? ఉంది. మన రాష్ట్రంలోనే మొదలైంది. 2017లో ప్రభుత్వం, యూనిసెఫ్, ఫెర్నాండెజ్ ఫౌండేషన్ కలిసి ప్రభుత్వ నర్సులకు 18 నెలల మిడ్‌వైఫ్ శిక్షణ మొదలుపెట్టాయి. తొలి అడుగు కరీంనగర్ ప్రభుత్వాసుపత్రిలో. 2018లో కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు తెచ్చింది. తెలిసిన మిడ్‌వైఫే మొదటినుంచీ చూసుకుంటే కింద కోతలు, పరికరాలతో లాగే కాన్పులు తగ్గుతాయని 2016 నాటి కోక్రేన్ సమీక్ష తేల్చింది. 15 అధ్యయనాలు, 17,674 మంది తల్లులు. అయితే ఆ అధ్యయనాలన్నీ ఆస్ట్రేలియా, కెనడా, ఐర్లాండ్, బ్రిటన్‌లలో జరిగినవే. మన తల్లులు అందులో లేరు. అంటే దూరం రెండువైపులా ఉంది. పరిశోధన మన దగ్గరికి రాలేదు, మనమూ పరిశోధనలోకి పోలేదు.

శిక్షణ ఒక్కటే చాలదని కూడా కరీంనగరే చెబుతుంది. అదే సర్వేలో ఆ జిల్లా సిజేరియన్లు 80 శాతం దాటాయి. ప్రభుత్వాసుపత్రిలో మిడ్‌వైఫ్ ఓపిగ్గా కూచుంటే, బయట బజారు మరో లెక్కతో నడుస్తుంది. నొప్పులకు పన్నెండు గంటలు పడుతుంది, ఆపరేషన్‌కు ఒక గంట. దానికి తోడు ముహూర్తం. నక్షత్రం చూసి, గంట చూసి కడుపు కోయించుకోవడం ఇప్పుడు మన బస్తీలకూ పాకింది. మన చేతితో బొడ్డు కోయించుకుని మనల్ని బయట నిలబెట్టిన వాళ్ల పంచాంగం ఇవాళ మన ఆడపిల్లల కడుపు మీద గీత గీస్తోంది. బహుజన మిత్రులు దీని మీద కూడా మాట్లాడాలి.

ఇక నేనుండే యాకుత్‌పురా సంగతి. స్టేషన్ చుట్టూ, రెయిన్ బజార్ వైపు గల్లీల్లో ముస్లిం ఇళ్లూ దళిత ఇళ్లూ గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. మనం మంత్రసాని అన్న మనిషిని వాళ్లు దాయి అంటారు. పాతబస్తీలో ఎంతోమంది ఆడవాళ్లు ఇంట్లోనే కూచుని లక్క గాజులు చేస్తారు, అగర్బత్తులు చుడతారు, బట్టల మీద జరీ పని చేస్తారు. నెల నిండేదాకా పనే. వాళ్లకు ప్రసూతి సెలవు ఎవరిస్తారు? గర్భిణికి కాన్పుకు ముందూ తర్వాతా విశ్రాంతి దక్కడం దేశ ప్రయోజనమని బాబాసాహెబ్ 1928లో బొంబాయి శాసన మండలిలో వాదించారు. ఆ మాట ఈ గల్లీలోకి ఇంకా రాలేదు. మొదటి నెలనుంచి ఒకే మిడ్‌వైఫ్ ఈ బస్తీ దవాఖానాలో కూచుని, ఉర్దూలోనో తెలుగులోనో మాట్లాడి, చివరికి లేబర్ రూములోనూ అదే మనిషి కనిపిస్తే సగం భయం అక్కడే పోతుంది. భయం తగ్గితే నొప్పులు సాగనిచ్చే ఓపిక ఇంటివాళ్లకూ వస్తుంది.

కాబట్టి అడుగుదాం. మిడ్‌వైఫ్‌లకు ప్రత్యేక పోస్టులు కావాలి. మామూలు కాన్పును సొంతంగా చేసే, అవసరం లేని కోతను ప్రశ్నించే అధికారం కావాలి. శిక్షణ ఇచ్చి మళ్లీ వేరే వార్డులో డ్యూటీ వేస్తే ఉపయోగం లేదు. మంచాల మధ్య పరదా, తల్లి పక్కన తోడు మనిషి కావాలి. తల్లి హక్కులు తెలుగులో, ఉర్దూలో గోడ మీద రాయాలి. ప్రతి ఆసుపత్రి, ప్రైవేటుతో సహా, ఎన్ని సిజేరియన్లు, ఎన్ని కింద కోతలు చేసిందో బయట బోర్డు పెట్టాలి. ఆయమ్మకు పర్మినెంటు ఉద్యోగం, చదువుకుని పైకెళ్లే దారి ఇవ్వాలి.

విద్యార్థి మిత్రులకు ఒక పని. మీ ప్రాంతంలోని ప్రభుత్వాసుపత్రి కాన్పుల లెక్కలు సమాచార హక్కు కింద అడగండి. ప్రైవేటువి జిల్లా వైద్యాధికారి కార్యాలయాన్ని అడగండి. నర్సింగ్, సోషియాలజీ, తెలుగు చదివేవాళ్లు కలిసి బస్తీకి వెళ్లి తల్లులు చెప్పేది వాళ్ల మాటల్లోనే రాసుకోండి. పేర్లు బయటపెట్టకండి. ఎవరు ఏమన్నారు, ఎవరు ఎందుకు కోశారు, ఎవరు చేయి పట్టుకున్నారు అని అడగండి. అది కూడా పరిశోధనే. ఆ కాగితాలు తీసుకుని ఆసుపత్రి సూపరింటెండెంట్ ముందు కూచుందాం. జవాబు చెప్పేదాకా లేవొద్దు.

జై భీమ్.