ఒంటి కాసా, కాసులపేరా?

మన భాషలో కాసు అనే మాటకు పట్టినంత అదృష్టం మరే మాటకూ పట్టలేదేమో! ఒకప్పుడది రాగి నాణెం. చెన్నపట్నంలో కుంఫిణీవారి లెక్క ప్రకారం 80 కాసులయితే ఒక ఫణం, 42 ఫణాలయితే ఒక వరహా. అంటే వరహాకు 3360 కాసులన్నమాట. చిల్లికాసు అని మనం తీసిపారేసేది ఆ రాగి కాసునే. 1818లో చెన్నపట్నం రాజధానిలో రూపాయి ప్రమాణమయింది. వరహా మూలబడింది గాని కాసుకు దశ తిరిగింది. ఇంగ్లండు నుంచి సవరన్ అనే బంగారు నాణెం వచ్చింది. మనవాళ్లు దానిని కాసు అన్నారు. ఆనాడు మూడువేల పైచిలుకు కలిస్తేగాని వరహాకు సాటిరాని కాసు, ఈనాడు రెండు వరహాల కంటె ఎక్కువ తూగుతున్నది.

కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ కాసు అంటే ఎనిమిది గ్రాములు. తెలంగాణాలో లెక్క తులాల్లో. పాత తులం 11.66 గ్రాములు, ఇప్పుడు దుకాణాల్లో తులమంటే పది గ్రాములే. హైదరాబాదు వియ్యపురాలు పది తులాలంటే, బెజవాడ వియ్యపురాలు పన్నెండున్నర కాసులని మనసులో అనుకోవాలి. అక్కడ పొరపాటు జరిగిందా, పెళ్లిపందిట్లోనే చరిత్ర మొదలవుతుంది!

నేను పాఠం చెప్పేది తెలుగయినా, అక్షయతృతీయ దగ్గర పడిందంటే మా స్టాఫు రూములో నన్నడిగే ప్రశ్నలు మాత్రం బంగారం గురించే. పాత నాణేల మీద నాకున్న మోజు నలుగురికీ తెలుసు గనుక అడుగుతారు. అన్నిటిలోకి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది: "నాణేలు ఒక్కొక్కటే కొనుక్కోవడం మంచిదా, పెట్టెలో అమర్చిన సెట్టు కొనడం మంచిదా?"

దీనికి జవాబు చెప్పేముందు నాణెం ధరలో ఏమేమి వుంటాయో విడదీసి చూడాలి. మొదటిది లోహం. రెండవది చరిత్ర, అంటే ఆ నాణెం ఎంత అరుదు, ఎంత చెక్కుచెదరకుండా వున్నది అన్నది. మూడవది ముస్తాబు: మఖమలు పెట్టె, పత్రం, మెరుగు. లోహానికి ఏ ఊళ్లోనయినా గిరాకీ వున్నది. చరిత్రకు దాని విలువ తెలిసినవాడి దగ్గరే గిరాకీ. ముస్తాబుకు, మొదటిసారి కొన్నవారి దగ్గర తప్ప, సాధారణంగా గిరాకీ లేదు. కొనేటప్పుడు ఈ మూడింటికీ డబ్బిస్తాం. మన బజారులో అమ్మబోతే తక్కెడ ఒక్కదానికే లెక్క కడుతుంది.

అసలు కాసు లెక్క చూడండి. సవరన్ బరువు 7.988 గ్రాములు, 22 కారట్లు. అందులో మేలిమి 7.322 గ్రాములు. ఇప్పుడు దుకాణాల్లో దొరికే ఎనిమిది గ్రాముల 24 కారట్ల బిళ్లలో మేలిమి దాదాపు ఎనిమిది గ్రాములూ వుంటుంది. రెండింటినీ "కాసే" అంటారు గాని, తేడా రమారమి ముప్పాతిక గ్రాముకు కాస్త తక్కువ. కనుక కాసు ధర ఎంత అని కాదు, ఎన్ని కారట్ల కాసు అని ముందు అడగాలి.

చేతిలెక్క కోసం మేలిమి గ్రాము పదివేల రూపాయలనుకుందాం. సవరన్‌లోని లోహం విలువ 73,220. దుకాణం వారు తమ ఖర్చూ లాభమూ కలిపి నూటికి నాలుగు వేశారనుకోండి. దానిమీద నూటికి మూడు జీఎస్టీ. మొత్తం 78,433 అవుతుంది. మర్నాడే అమ్మితే, లోహానికి పూర్తి ధర ఇచ్చినా సరే, ఒక్క రాత్రిలో అయిదువేల పైచిలుకు ఆవిరి! బంగారం నూటికి ఏడు పెరిగితేగాని మన అసలు మనకు రాదు. బిళ్ల చిన్నదయినకొద్దీ గ్రాముకు పడే అదనపు ఖర్చు పెరుగుతుంది. ఎనిమిది ఒక గ్రాము బిళ్లలు, ఒక్క ఎనిమిది గ్రాముల బిళ్ల కంటె ప్రియం. పైగా బంగారం గుడ్లు పెట్టదు, వడ్డీ తేదు. లాకరు అద్దె మాత్రం ఏటా అడుగుతుంది.

మరి జనం ఎందుకు కొంటారు? మా పక్కవాటాలో వుండే పిన్నిగారిని అడగండి. బాబాయిగారికి ఎరియర్సు వచ్చినప్పుడల్లా ఆవిడ ఒక కాసు కొనిపించేది. అలా పదకొండు పోగయ్యాయి. మూడేళ్ల క్రితం బాబాయిగారికి గుండె ఆపరేషను కావలసి వచ్చింది. పిన్నిగారు పెట్టె తెరిచి నాలుగు కాసులు తీసి అమ్మించింది. బాబాయిగారు లేచి తిరుగుతున్నారు, మిగిలిన ఏడు కాసులూ చెక్కుచెదరలేదు. అదే ఏడాది వాళ్ల బావగారింట్లో కూతురి చదువుకు రెండు లక్షలు తక్కువపడ్డాయి. ఇంట్లో వున్నది ఒక్క వడ్డాణం. రెండు లక్షల కోసం వడ్డాణంలో ముక్క కోసి అమ్మలేరు గదా! మొత్తం పోయింది. రాళ్ల బరువు తీసేశారు, తరుగు తీసేశారు, పెట్టిన మజూరీ ఎటూ రాలేదు.

ఒంటి కాసు గొప్పతనమంతా ఇందులోనే వున్నది. అవసరమెంతో అంతే తెంపుకోవచ్చు.

ఇటీవల లండన్‌లో వుండే పిన్నిగారి అబ్బాయి, బాబాయిగారి సహస్రచంద్రదర్శనానికి అయిదు నాణేల సవరన్ సెట్టు పంపిస్తానన్నాడట. ఆవిడ నా దగ్గరికి వచ్చింది.

"అవి ఏమిటేమిటి వుంటాయి బాబూ?"

"అయిదు సవరన్లది ఒకటి, రెండింటిది ఒకటి, ఆపైన ఒకటి, అర, పావు. మొత్తం ఎనిమిదిముప్పావు కాసులు పిన్నిగారూ. ఆ పావు మాత్రం కొత్తది, 2009లో మొదలుపెట్టారు."

"బాగానే వున్నది. నాకు ముగ్గురు పిల్లలు. అందులో ఒకటి అంత పెద్దది, ఒకటి ఇంత చిన్నది. ఎవరికేది ఇవ్వను?"

ఏ నాణెశాస్త్రవేత్తా ఇంత సూటిగా అడగలేడు. సెట్టు విలువ దాని నిండుదనంలో వున్నది. అన్నీ ఒకే ఏడాదివి, ఒకే మెరుగువి, ఒకే పెట్టెలో, పత్రంతో సహా వుంటేనే సేకర్త పైధర ఇస్తాడు. ఒకటి విడదీసి అమ్మితే మిగిలిన నాలుగూ తునకల సెట్టు. అన్నీ కలిపి మన బజారుకు తీసుకువెళితే, షరాబు పెట్టె పక్కన పెట్టి నాణేలు తక్కెడలో వేస్తాడు. అతని తప్పేమీ లేదు. అతను కొనేది బంగారం. అదీగాక విదేశం నుంచి తెచ్చే నాణేలు ఒంటిమీది నగల రాయితీలోకి రావు. కస్టమ్స్ వారికి చెప్పి సుంకం కట్టవలసిందే.

అలాగని సెట్టు కొనేవారంతా అమాయకులని కాదు. నాణెం మీద ప్రేమతో, చూసుకుని మురిసిపోవడానికి, అమ్ముకునే అవసరం లేని డబ్బుతో కొంటే అంతకంటె సొగసయిన వేడుక లేదు. బంగారం మీద కృష్ణదేవరాయల వరహాలో బాలకృష్ణుడు కూర్చుని వుంటాడు. కుంఫిణీవారి మూడుస్వాముల వరహా మీద దేవేరులతో వేంకటేశ్వరుడు. నిజాముగారి అష్రఫీ మీద చార్మినారు. అటువంటి వాటిని అరచేతిలో పెట్టుకుంటే, మా క్లాసులో కనకాభిషేకం కథ చెప్పేటప్పుడు పిల్లల కళ్లల్లో కనిపించే వెలుగు నాకూ కలుగుతుంది. కాని అది ముచ్చట, పొదుపు కాదు. రెండింటికీ ఒకే సంచీ వుండకూడదు.

పాతది గనుక ప్రియమనే భ్రమ కూడా వద్దు. మీ ఇంట్లో అమ్మమ్మగారి కాసు వుంటే భూతద్దం పెట్టి చూడండి. గుర్రం కింద నేలగీత మధ్య, సంవత్సరానికి పైన, ఇంగ్లీషు ఐ అక్షరం వున్నదా? 1918 అని వున్నదా? అయితే అది బొంబాయి టంకశాలలో అచ్చయిన సవరన్. ఆ ఒక్క ఏడే అక్కడ అచ్చుకొట్టారు, దాదాపు 13 లక్షలు. (మళ్లీ అదే గుర్తుతో మన దేశంలో సవరన్లు తయారుకావడం 2013లోనే.) చూడముచ్చటయిన నాణెమే గాని, 13 లక్షలు వున్నదాన్ని అపురూపమని ఎవరూ అనరు. అరుదయిన ఏడాది, అరుదయిన టంకశాల, అరగని ముద్ర, ఈ మూడూ కలిస్తేనే చరిత్రకు ధర పలుకుతుంది.

ఆ చరిత్రను మనమే చెరుపుకుంటాం కూడా. కాసుకు కొక్కెం అతికించి పేరులో గుచ్చితే మెడకు అందమే, సేకర్తకు మాత్రం అది గాయపడ్డ నాణెం. కుంకుడు రసంలో నానబెట్టి బ్రష్షుతో తోమినా అంతే. ఇప్పటి కాసులపేర్లు చాలావరకు లక్ష్మీదేవి ముద్ర కొట్టిన పలుచని బిళ్లలు. వాటిని నగలుగా చూడాలేగాని నాణేలుగా కాదు.

గీటురాయి మీద కూడా అంతా భారం వేయకండి. అది బంగారం అవునో కాదో చెబుతుంది, నాణెం అసలుదో కాదో చెప్పదు. మంచి బంగారంతోనే దొంగ సవరన్లు చేసినవాళ్లున్నారు. అసలు సవరన్ వ్యాసం 22.05 మిల్లీమీటర్లు, బరువూ వ్యాసమూ రెండూ కుదరాలి. ఇక పునాది తవ్వుతుంటే లంకెబిందెలు దొరికాయనీ, సగం ధరకు ఇస్తామనీ గుసగుసగా వచ్చేవారి సంగతి. చేతికిచ్చే మొదటి నాణెం అసలుదే వుంటుంది, మూటలో మిగిలినవి ఇత్తడి. ఒకవేళ నిజమే అయినా, పది రూపాయలకు మించిన నిధి ఏది దొరికినా కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం. రహస్యంగా కొన్నవాడికి మిగిలేది పోలీసుస్టేషను మెట్లే.

మన పెద్దవాళ్లకు కాసు మీద ఇంత నమ్మకం వూరికే రాలేదు. 1963 జనవరిలో బంగారం నియంత్రణ నిబంధనలు వచ్చి, కొత్త నగలు 14 కారట్లకు మించరాదన్నారు. కంసాలి కుటుంబాలెన్నో వీధిన పడ్డాయి. 1968లో చట్టమే వచ్చింది. అది రద్దయింది 1990లో. ఆ రోజులు చూసినవారు పెట్టె అడుగున వున్న 22 కారట్ల కాసును దేవుడి పక్కన పెట్టుకున్నారంటే ఆశ్చర్యమేముంది?

చివరగా, కొనదలచుకున్నవారికి నాలుగు ముక్కలు. పొదుపు కోసమయితే ఒంటి నాణేలే కొనండి. నాలుగు, ఎనిమిది గ్రాములవి సదుపాయం. సీలు విప్పకండి, బిల్లు పారేయకండి. రెండేళ్లు దాటాక అమ్మితే లాభం మీద నూటికి పన్నెండున్నర పన్ను వున్నది, అప్పుడు ఆ బిల్లే సాక్షి. బ్యాంకులో కొన్న నాణెం మళ్లీ బ్యాంకు కొనదని గుర్తుంచుకోండి. తాకట్టు పెట్టుకోవాలన్నా నాణేల మీద 50 గ్రాముల లోపే అప్పు పుడుతుంది. కనుక డబ్బిచ్చేముందే దుకాణదారుణ్ణి అడగండి: "రేపు దీన్ని మీరే ఎంతకు కొంటారు?" చిరునవ్వుతో అంకె చెబితే కూర్చోండి. కాఫీ తెప్పించి మాట మారిస్తే, ఆ కాఫీ తాగి లేచి రండి.