గుడారంలో గృహధర్మం

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నది తెలుగువారి సామెత. ఇంటి నిర్మాణంలోని సాధకబాధకాలు అనుభవించిన వారికే తెలుస్తాయని దాని భావం. తరతరాలు నిలిచే ఇంటి విషయంలో ఎంతో జాగ్రత్త వహించే కుటుంబం, విహారయాత్రలో రెండు రాత్రులు తలదాచుకునే గుడారం దగ్గరకు వచ్చేసరికి ధరను, రంగును చూసి తృప్తిపడుతుంది. గుడారం కూడా ఇల్లే. గోడలు బట్టతో చేసినవైనంత మాత్రాన దాని ధర్మం మారదు. ఎండవానలకు అడ్డు నిలవడం, తనను ఆశ్రయించిన ప్రతి వ్యక్తికీ చోటు చూపడం ఇంటి ధర్మమైతే, గుడారానికీ అదే ధర్మం.

గుడారం మన దేశానికి కొత్తది కాదు. సంస్కృతంలో దీనికి పటకుటి, దూష్యం వంటి పేర్లున్నాయి. తెలుగువారి వాడుకలో ఇది డేరా. పూర్వం రాజుల దండయాత్రలలోను, వేటలలోను గుడారాలే నగరాలుగా వెలిసేవి. అక్బరు చక్రవర్తి విడిది సామగ్రిని తరలించడానికి 100 ఏనుగులు, 500 ఒంటెలు, 400 బండ్లు అవసరమయ్యేవని అబుల్ ఫజల్ తన ‘ఐన్-ఇ-అక్బరీ’లో నమోదు చేశాడు. అది వైభవాన్ని చాటే విశాలత. దానికి పూర్తి భిన్నమైన మార్గం ఇంగ్లండులో కనిపిస్తుంది. 1901లో థామస్ హైరమ్ హోల్డింగ్ సైకిలుపై తీసుకుపోగల తేలికపాటి గుడారాలతో విహరించేవారి కోసం ఒక సంఘాన్ని స్థాపించాడు. ఒకటి ఏనుగులు మోసిన గుడారం, మరొకటి ఒంటరి బాటసారి మోసుకుపోయే గుడారం. నేటి కుటుంబానికి కావలసింది ఈ రెండింటికీ నడుమ ఉన్నది.

అరకులోయలోను, లంబసింగిలోను, పెన్నానది లోయ అంచున ఉన్న గండికోటలోను గుడారాలలో రాత్రి గడపడానికి నేడు అనేక కుటుంబాలు ఉత్సాహం చూపుతున్నాయి. అయితే గుడారం ఎంపికలో చాలామంది ఒక అంకెను నమ్మి మోసపోతున్నారు. ‘నలుగురికి’ అని ముద్రించిన గుడారం నిజంగా నలుగురికి సరిపోతుందా? అటువంటి గుడారం నేల సాధారణంగా 8 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు ఉంటుంది. నలుగురు వరుసగా పడుకుంటే ఒక్కొక్కరికి దక్కేది 2 అడుగులు. ఇంట్లో ఒక మనిషి పడుకునే మంచం వెడల్పే 3 అడుగులు కదా! తయారీదారులు లెక్కించేది పక్కపక్కన పడుకున్న శరీరాలను మాత్రమే. దుప్పట్లు, సంచులు, నీళ్ల సీసాలు, చెప్పులు ఆ లెక్కలోకి రావు. అందువలన నలుగురున్న కుటుంబం ఆరుగురి గుడారాన్ని ఎంచుకోవడం ఉచితం. 10 అడుగుల పొడవు, 9 అడుగుల వెడల్పు ఉన్న నేలపై ఒక్కొక్కరికి సుమారు 22 చదరపు అడుగులు లభిస్తాయి. మొదటి దానిలో లభించేవి 14 మాత్రమే.

అయితే విశాలత కేవలం నేల కొలతలతో తేలేది కాదు. కుటుంబంలో ఎవరికి ఎక్కువ ఇబ్బంది కలుగుతుందో వారిని కొలమానంగా తీసుకోవాలి. మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మ 4 అడుగుల ఎత్తున్న గోపురాకారపు గుడారంలోకి వంగి, పాకి వెళ్లగలదా? అర్ధరాత్రి పాకుతూ బయటకు రాగలదా? ఎదిగిన ఆడపిల్ల బట్టలు మార్చుకోవడానికి మరుగు ఉన్నదా? చంటిబిడ్డకు పాలిచ్చే తల్లి వెన్ను నిలిపి కూర్చోగలదా? ఈ ప్రశ్నలు వేసుకోకుండా కొన్న గుడారం ఫలితం ఊహించదగినదే. నాయనమ్మ ఇంటివద్దనే ఉండిపోతుంది. ఆమెకు తోడుగా తల్లి కూడా ఆగిపోతుంది. కుటుంబ విహారం మగవారి విహారంగా, యువకుల విహారంగా మారిపోతుంది. మనిషి నిటారుగా నిలబడగలిగే 6 అడుగుల ఎత్తు, నడుమ ఒక తెర, వంగకుండా ప్రవేశించగల ద్వారం ఉన్న గుడారం ఆ ఇద్దరినీ యాత్రలో చేర్చుతుంది. ఇది విలాసం అనిపించుకోదు, న్యాయం అనిపించుకుంటుంది.

పెద్ద గుడారం వలన ఇబ్బందులు లేవా అని కొందరు ప్రశ్నిస్తారు. ఆ ప్రశ్న సమంజసమైనదే. చిన్న గుడారం బరువు నాలుగైదు కిలోలుంటే, నిలబడగల ఎత్తున్న పెద్ద గుడారం 10 కిలోలు దాటవచ్చు. కాలినడకన కొండ ఎక్కే వారికి అది భారమే. కారులో శిబిరం వరకు వెళ్లే కుటుంబానికి ఆ భారం లెక్కలోనిది కాదు. గాలి విషయం అంతకంటె ముఖ్యమైనది. గాలి వేగం రెండింతలైతే దాని ఒత్తిడి నాలుగింతలవుతుంది. గోడలు ఎంత ఎత్తుగా, నిట్టనిలువుగా ఉంటే గాలి తాకిడి అంత ఎక్కువ. కనుక గండికోట వంటి బయలు ప్రదేశంలో పెద్ద గుడారాన్ని లోయ అంచుకు దూరంగా, గాలికి చాటున, అన్ని తాళ్లూ బిగించి నిలపాలి. రాతినేలలో మేకులు దిగవు కాబట్టి తాళ్లను బరువైన రాళ్లకు కట్టే ఏర్పాటు చేసుకోవాలి. చెట్ల నీడ దొరికినా, ఎండుకొమ్మల కింద మాత్రం గుడారం వేయరాదు.

విశాలతకు గాలి వెలుతురులు తోడు కావాలి. మనుషుల ఊపిరిలోని తేమ చల్లని బట్టను తాకి నీటిబిందువులుగా మారుతుంది. శీతకాలపు అరకులో తెల్లవారేసరికి దుప్పట్లు తడిశాయంటే దానికి కారణం వాన కాకపోవచ్చు. లోపల గాలి ఆడే వలబట్ట, దానిపై ఎడంగా వానను ఆపే రెండవ కప్పు ఉన్న గుడారం ఈ బాధను తగ్గిస్తుంది. కప్పుబట్టపై 3000 మిల్లీమీటర్లు అని ఉంటే, 3 మీటర్ల ఎత్తున నిలిచిన నీటి ఒత్తిడిని అది తట్టుకుంటుందని అర్థం. ఎంత పెద్దదైనా గుడారంలో పొయ్యి గాని, బొగ్గుల కుంపటి గాని వెలిగించరాదు. దాని నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవారి ప్రాణాలను అది నిశ్శబ్దంగా హరిస్తుంది. చలికి మందు నిప్పు కాదు, మందమైన పరుపు, దుప్పటి.

ఒకే పెద్ద గుడారానికి బదులు రెండు చిన్నవి మేలని వాదించేవారూ ఉన్నారు. ఎదిగిన పిల్లలున్న ఇంటికి ఆ వాదం వర్తించవచ్చు. వృద్ధులు, పసివారు ఉన్న కుటుంబానికి మాత్రం పిలిస్తే పలికే దూరంలో అందరూ ఉండటమే క్షేమం. పైగా వాన కురిసిన సాయంకాలం అందరూ ఒకే చోట చేరి కబుర్లు చెప్పుకోవడానికి చోటు లేకపోతే, ఇల్లు వదలి అంత దూరం వెళ్లిన ప్రయోజనమే నెరవేరదు.

కొనే ముందు గాని, అద్దెకు తీసుకునే ముందు గాని ఒక చిన్న పరీక్ష చాలు. ఇంటి మేడపైన సుద్దముక్కతో ఆ కొలతలు గీయాలి. సంచులతో సహా కుటుంబమంతా ఆ గీతలోపల పడుకొని చూడాలి. ఇంటిలోని పెద్దవారిని మొదట పడుకోబెట్టి, మిగిలినవారు సర్దుకోవాలి. గీత దాటి ఎవరు మిగిలిపోయారో, ఆ గుడారం ఎవరిని వదలిపెడుతుందో అప్పుడే స్పష్టమవుతుంది. ఎవరినీ వదలిపెట్టని గుడారమే విశాలమైన గుడారం.