మారిన జవాబు

గత నెల మన కాలనీ బాలల క్విజ్‌లో ‘కిలోగ్రాముకు ప్రమాణమేది?’ అని అడిగాను. పారిస్ సమీపాన భద్రపరచిన ప్లాటినం-ఇరిడియం దిమ్మె అన్నది నా కాగితంలోని జవాబు. ఒక బాలిక ‘ప్లాంక్ స్థిరాంకం’ అన్నది. తప్పన్నాను. ఆ ఒక్క మార్కుతో ఆమె జట్టు ఓడినది.

ఇంటికి వచ్చి పరిశీలించగా ఆమె చెప్పినదే సరియని తేలినది. 1889 నుండి ప్రమాణమైన ఆ దిమ్మె 2019 మే 20న ఆ హోదాను కోల్పోయినది. ప్లూటో సంగతీ అంతే. 2006 నుండి అది మరుగుజ్జు గ్రహం.

కొలత పరికరాలను ఏటా కాలిబ్రేషన్‌కు పంపే మనం ప్రశ్నల కట్టను మాత్రం సరిచూడము. ఆ బాలికను కలిసి పొరపాటు ఒప్పుకున్నాను. ఆ మార్కు ఆమె జట్టుదేనని ఇక్కడా ప్రకటిస్తున్నాను.

ఈ మాసపు ప్రశ్న: కెల్విన్‌ను నేడు ఏ స్థిరాంకంతో నిర్వచిస్తున్నారు? పాత పుస్తకం చూడకండి!